పేరున్న ఆయుధాలు, పేరులేని కొలుములు

భైంసా, ముథోల్, కుభీర్, తానూర్ వైపు బడుల్లో పనిచేసే మేము కొందరం ఆదివాసీ ఉపాధ్యాయులం. మేము కథల పుస్తకాల మీద మాట్లాడుకుంటాం, పాఠ్యపుస్తకాల మీద కొట్లాడుకుంటాం. వీడియో ఆటల మీద మాత్రం ఎవరమూ రాయలేదు. ఆటలంటే పిల్లలు చెడిపోయే దారి అని పెద్దలు తిట్టడం, ఆ తిట్టు విని పిల్లలు తలుపు వేసుకోవడం, ఇంతటితోనే సరిపోతున్నది. కానీ బాసర ట్రిపుల్ ఐటీలో చదివే మన పిల్లలు సెలవులకు ఇంటికి వస్తే వాళ్ల ల్యాప్‌టాప్ చుట్టూ ఊరి పిల్లలంతా మూగుతున్నారు. ఒక నవలను ఎంత శ్రద్ధగా చదువుతామో అంత శ్రద్ధగా ఈ ఆటలనూ చదవాలని మేము అనుకుంటున్నాం. నవల రెండు రోజుల్లో అయిపోతుంది. ఆట రెండు వందల గంటలు పిల్లవాడి చేతిలో ఉంటుంది. ఏది ఎక్కువ నేర్పుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

మేము తీసుకున్న ఆట పేరు 'బ్యాటిల్ బ్రదర్స్'. జర్మనీలోని హాంబర్గ్‌లో ఓవర్‌హైప్ స్టూడియోస్ అనే చిన్న సంస్థ తయారుచేసి 2017లో విడుదల చేసింది. మధ్యయుగపు యూరప్ లాంటి ఒక కల్పిత లోకం. మనం ఒక కూలి సైన్యానికి నాయకులం. ఊరూరా తిరిగి మనుషులను జీతానికి పెట్టుకోవాలి, తిండి కొనాలి, పని ఒప్పుకోవాలి, యుద్ధం చేయాలి. చదరంగంలా వంతులవారీగా ఎత్తు వేయాలి. గడులు మాత్రం ఆరు మూలలవి, తేనెపట్టు గదుల్లాగ. చచ్చినవాడు చచ్చినట్టే, తిరిగి లేవడు.

ముందు మంచి చెప్పాలి. ఈ ఆటలో రాజకుమారుడు వీరుడు కాడు. పాలేరు, బిచ్చగాడు, దొంగతనంగా వేటాడేవాడు, కట్టెలు కొట్టేవాడు, వీళ్లే మన సైన్యం. ఒక్కొక్కరికి పేరు ఉంటుంది, వెనక ఒక చిన్న బతుకు కథ ఉంటుంది. చనిపోయినవాళ్ల జాబితా ఒకటి ఆటలో విడిగా ఉంటుంది. ఎన్నాళ్లు మనతో ఉన్నాడు, ఎన్ని యుద్ధాలు చేశాడు, ఏ దెబ్బకు పోయాడు అన్నీ అందులో రాసి పెడతారు. కూలోడి చావును లెక్కలో రాసే ఆట ఇంకోటి మేము చూడలేదు. పెద్ద పెద్ద చరిత్ర గ్రంథాల్లోనే ఆ పని జరగలేదు. మన పిల్లలు ఈ ఆటను ఇష్టపడడానికి ఇది ఒక కారణమని మా నమ్మకం. కూలికి పోయేవాళ్ల ఇళ్లలో పుట్టిన పిల్లలకు కూలివాడు నాయకుడైన కథ దొరికింది.

ఇక అసలు సంగతి. ఈ ఆటలో పిల్లలు రాత్రంతా మేలుకుని వెతికేది పేరున్న ఆయుధాల కోసం. మామూలు గొడ్డలి, మామూలు ఈటె, మామూలు ఇనుప గొలుసు కవచం ఏ ఊరి అంగడిలోనైనా దొరుకుతాయి. కానీ అరుదుగా, ఎక్కడో ఒకచోట, ఒక గొడ్డలికి సొంత పేరు ఉంటుంది. ఆ గొడ్డలి దెబ్బ మామూలు దానికంటే బలంగా ఉంటుంది, లేదా అవతలివాడి కవచాన్ని ఎక్కువగా చీలుస్తుంది, లేదా తిప్పేవాడికి తక్కువ అలసట ఇస్తుంది. డాళ్లకూ, శిరస్త్రాణాలకూ, కవచాలకూ ఇలాగే. ఏ గుణం ఎంత పెరగాలన్నది పాచికలు వేసినట్టు ఆట తనంతట తానే తేలుస్తుంది. పేరు కూడా అంతే, మాటల జాబితాలోంచి ఏరి అతికిస్తుంది. అందుకే ఒకరికి దొరికినది ఇంకొకరికి దొరకదు. దొరికినరోజు పిల్లగాడి ముఖం చూడాలి! పదో తరగతి ఫలితాల రోజు కూడా ఆ వెలుగు ఉండదు.

ఆ వెలుగును మేము ఎగతాళి చేయడం లేదు. ఒక వస్తువుకు పేరు ఉండడమంటే దానికి ఒక కథ ఉందని అర్థం. పిల్లవాడు వెతుకుతున్నది కథనే. మా ఫిర్యాదు ఏమిటంటే, ఆట వాడికి పేరు ఇచ్చి కథను ఎగ్గొట్టింది. ఈ గొడ్డలిని ఎవరు చేశారు? ఏ ఊరి ఇనుము? ఏ అడవి బొగ్గు? ఎవరి తిత్తులు? వీటిలో ఒక్కదానికీ జవాబు లేదు. ఆయుధం ఒక గుహలోనో, పాడుబడ్డ కోటలోనో, శత్రువుల గుడారాల మధ్యనో చెట్టుకు కాయ కాసినట్టు దొరుకుతుంది. దాని మీద అంకెలు ఉంటాయి, వేలు చూపించే ధర ఉంటుంది. చేసిన చెయ్యి మాత్రం ఉండదు.

ఇది ఒక్క ఆట తప్పు కాదు. 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2' అనే పాత ఆటకు 2022లో భారత రాజవంశాల పేరుతో ఒక కొత్త భాగం వచ్చింది. అందులో ద్రావిడులు అని ఒక జాతిని పెట్టారు. వాళ్లకు మాత్రమే దక్కే ఒక విద్య పేరు 'వూట్జ్ స్టీల్'. అది నేర్చుకుంటే మన కాలిబలం, గుర్రపు బలం కొట్టే దెబ్బకు అవతలివాడి కవచం అడ్డు రాదు. మాకు సంతోషం వేసిన మాట నిజం. ఎందుకంటే ఆ వూట్జ్ అనే మాట మన 'ఉక్కు' నుంచే పోయిందని పండితులు చెబుతారు. కానీ ఒక సంగతి గమనించండి. ఆ ఆటలో కమ్మరి కొట్టం ఒకటి విడిగా ఉంటుంది. మామూలు కత్తులకు, బాణాలకు పదును పెట్టే పని అంతా అక్కడే జరుగుతుంది. వూట్జ్ ఉక్కు మాత్రం అక్కడ పుట్టదు, రాజుగారి కోటలో పుడుతుంది! అంత గొప్ప విద్య కమ్మరిది ఎలా అవుతుంది, రాజుదే అయి ఉండాలి అన్న లెక్క తెలిసి చేశారో తెలియక చేశారో గానీ, ఆటలో అది అట్లాగే ఉంది.

ఆ ఉక్కు ఏ కోటలో పుట్టిందో చూద్దామంటే భైంసా నుంచి పెద్ద దూరం పోనక్కర్లేదు. నిర్మల్ జిల్లా మామడ మండలంలో దిమ్మదుర్తి ఉంది. ఒకప్పుడు అక్కడ ఇనుప ఖనిజం తవ్వేవాళ్లు. గోదావరి దాటి నిజామాబాద్ జిల్లాలోకి పోతే కమ్మర్‌పల్లి మండలంలో కోనసముందర్ ఉంది. పాత ఇంగ్లీషు రాతల్లో కోనసముద్రం అని ఉంటుంది. హెన్రీ వాయిసీ అనే భూగర్భ శాస్త్రవేత్త బ్రిటిష్‌వాళ్ల సర్వేతోపాటు తిరుగుతూ ఈ ఊళ్లో ఉక్కు చేసే పద్ధతిని కళ్లారా చూసి రాసిపెట్టాడు. ఆయన 1824లో చనిపోయాడు, ఆ రాత 1832లో కలకత్తాలో అచ్చయింది. ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వర్తకులు ఈ ఊరికి వచ్చి, కూర్చుని, ఉక్కు ముద్దలను తూకం వేయించుకుని కొనుక్కుపోయేవాళ్లని అందులో ఉంది. డమాస్కస్ కత్తి అని ప్రపంచమంతా పేరు పడినదాని కడుపులో మన పక్క ఊరి ఉక్కు ఉంది.

పద్ధతి కూడా చెప్పుకుందాం, పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులకు పనికొస్తుంది. రెండు రకాల ఇనుము కలుపుతారు. ఒకటి వాగు నల్ల ఇసుక నుంచి తీసినది, ఒకటి ఇనుపరాయి నుంచి తీసినది. రెండింటినీ లెక్క ప్రకారం ముక్కలు చేసి మట్టి మూసలో పెడతారు. మూస అంటే సెగకు పగలని ప్రత్యేకమైన మట్టితో చేసిన పాత్ర. దాని మూతి మట్టితోనే మూసేస్తారు. బొగ్గు కొలిమిలో పేర్చి, పగలూ రాత్రీ ఆపకుండా తిత్తులు ఆడిస్తారు. లోపల ఇనుము కరిగి, కర్బనం కలుపుకుని, మెల్లగా చల్లారి, చిన్న రొట్టె లాంటి ముద్దగా గట్టిపడుతుంది. ఆ ముద్దను మళ్లీ మళ్లీ కాచి దాని పెళుసుతనం తగ్గించాలి. తొందరపడితే సుత్తె దెబ్బకు పగిలిపోతుంది. మైకేల్ ఫారడే, కరెంటు పాఠంలో మనం చెప్పే ఆ ఫారడేనే, 1819లో ఈ ఉక్కు రహస్యం కోసం పరీక్షలు చేశాడు. 2006లో జర్మనీ శాస్త్రవేత్తలు పాత డమాస్కస్ కత్తి ముక్కలో కర్బన నానోగొట్టాలు కనిపించాయని ప్రకటించారు. ఇంత చరిత్రలో మూస చేసిన కుమ్మరి పేరు లేదు, తిత్తి తొక్కినవాడి పేరు లేదు, బొగ్గు కాల్చినవాడి పేరు లేదు. వాయిసీ పేరు ఉంది, ఫారడే పేరు ఉంది.

బొగ్గు సంగతి ఇంకొంచెం ఆలోచించాలి. ఒక ముద్ద ఉక్కుకు గంపలకొద్దీ బొగ్గు కావాలి. బొగ్గుకు అడవి కావాలి. ఏ చెట్టు బొగ్గు ఎక్కువసేపు సెగ నిలుపుతుందో తెలిసినవాళ్లు కావాలి. అడవి మీద అంత తెలివి ఎవరికి ఉంటుందో ఆదివాసీ పిల్లలకు చెప్పాల్సిన పని లేదు. మధ్య భారతంలో ఇనుము కరిగించడమే కులవృత్తిగా బతికిన అగరియా ఆదివాసుల మీద వెరియర్ ఎల్విన్ 1942లో ఒక పెద్ద పుస్తకమే రాశాడు. వాళ్ల పురాణంలో ఇనుముకు అసురుడు ఉన్నాడు, కొలిమికి దేవత ఉంది. అంటే ఇనుము మనకు పరాయి విద్య కాదు. ఆదివాసీ అంటే విల్లు, బాణం, ఈకలు అని బొమ్మల పుస్తకాల్లో గీసేవాళ్లకు ఈ సంగతి తెలియదు. మన పిల్లలకు కూడా తెలియకపోవడమే మాకు బాధ.

న్యాయంగా చెప్పాలంటే ఇంకో ఆటలో చేసినవాడు కనిపిస్తాడు. 'క్రూసేడర్ కింగ్స్ 3' అనే స్వీడన్ ఆటకు 2022లో రాజసభ పేరుతో వచ్చిన భాగంలో అరుదైన వస్తువులకు నాలుగు తరగతులు పెట్టారు. మామూలువి, పనితనం ఉన్నవి, పేరుపొందినవి, అతి ప్రసిద్ధమైనవి. ఒక కమ్మరి మన సభకు వస్తాడు, నాకు ఒక గొప్ప కత్తి ఊహ వచ్చింది, ఖర్చు పెట్టుకుంటారా అని అడుగుతాడు. రాజు బంగారం పెడితే వాడు కత్తి చేసిస్తాడు. తర్వాత ఆ కత్తి ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయిందో ఆట గుర్తు పెట్టుకుంటుంది. ఇది నయం. అయినా అక్కడ కత్తి రాజుకు ఒక అలంకారం. అది ఎంత వెలిగితే రాజు పరువు అంత పెరుగుతుంది. కమ్మరి ఒకసారి వచ్చి వెళ్లిపోయే అతిథి. వాడికి ఊరు లేదు, పెళ్లాం పిల్లలు లేరు, వాడి పక్కన తిత్తి ఆడించే తమ్ముడు లేడు.

నిజమైన లోకం కూడా ఇదే ఆట ఆడుతున్నది. టిప్పు సుల్తాన్ పడకగదిలో దొరికిన కత్తిని 2023 మే నెలలో లండన్‌లో వేలం వేస్తే 1 కోటి 40 లక్షల పౌండ్లు పలికింది. ఆ కత్తి మీద రాజు ఖడ్గం అనే అర్థంతో అక్షరాలు ఉన్నాయి. ధర ఎంతో మన ఊరి చాయ్ దుకాణంలో కూడా చెప్పుకున్నారు. సాగగొట్టిన చెయ్యి ఎవరిదని ఎవరూ అడగలేదు. పేరు అంటే యజమాని పేరు అనే అలవాటు ఆటలు కొత్తగా కనిపెట్టినది కాదు. లోకంలో ఉన్నదానినే అవి పిల్లలకు చిన్నప్పటి నుంచి సాధన చేయిస్తున్నాయి.

ఇప్పుడు బ్యాటిల్ బ్రదర్స్‌లో మాకు అసలు ముల్లులా గుచ్చుకున్న చోటికి వస్తున్నాం. పేరున్న ఆయుధం ఎక్కడ దొరుకుతుంది? ఊళ్లకు ఎంత దూరం పోతే అంత ఎక్కువ అవకాశం. అడవి లోపల, కొండల అవతల, మంచు ప్రాంతంలో ఉన్న గుడారాల్లో. అక్కడ ఎవరుంటారు? గాబ్లిన్లు అని ఒక జాతి. వాళ్లు పొట్టిగా ఉంటారు. చెట్ల చాటున పొంచి ఉంటారు. వల విసిరి మనిషిని పట్టుకుంటారు. విషం పూసిన బాణాలు వేస్తారు. వాళ్ల మంత్రగాడు నేలలోంచి చెట్టు వేర్లు లేపి మన కాళ్లు కట్టేస్తాడు, పురుగుల గుంపును మీదికి పంపిస్తాడు. 2019లో వచ్చిన ఉత్తరాది యోధుల భాగంలో అనాగరికులు అని ఇంకో జాతి కూడా చేరింది. వీళ్లలో చాలామంది మనతో మాట్లాడరు, బేరం ఆడరు, వాళ్లకు సంత లేదు. వాళ్ల గుడారం అంటే కొల్లగొట్టే పెట్టె.

యూరప్ పిల్లవాడు ఇది ఆడితే రాక్షసుల కథ అనుకుంటాడు. పొంచి ఉండే వేటను, వలను, బాణపు మొనకు పూసే మందును, వేర్లతో మాట్లాడే పెద్దమనిషిని తన తాత ముత్తాతల బతుకులో ఎరిగిన పిల్లవాడు ఆడితే? వాడు ఎవరిని చంపుతున్నాడు? ఆట చేసినవాళ్లకు మన మీద పగ ఉందని మేము అనడం లేదు. వాళ్లు మన పేరు కూడా విని ఉండరు. వాళ్లు తమ పాత కథల నుంచి తెచ్చుకున్నారు. ఆ పాత కథల్లో కూడా అడవి అంటే భయం, ఊరు అంటే ధర్మం. దొరల కాలపు రాతల్లో కొండజాతుల గురించి ఇవే మాటలు ఉంటాయి. అడవివాడి దగ్గర సంపద ఉంటుంది కానీ హక్కు ఉండదు అనే సూత్రం రెండు చోట్లా ఒకటే. నిధి వాడి గుడారంలో ఉంది, కాబట్టి వాడిని తొలగించాలి. మన గూడేల కింద బొగ్గు ఉందని, సున్నపురాయి ఉందని తెలిసిన తర్వాత ఏం జరిగిందో మంచిర్యాల వైపు, ఆసిఫాబాద్ వైపు ఉన్న మన బంధువులను అడగండి.

ఇంకొక చిన్న విషయం, మాస్టార్లుగా మాకు చిన్నది కాదు. ఈ ఆటలో జీతానికి దొరికే మనుషుల్లో 'వైల్డ్‌మ్యాన్' అని ఒకడు ఉంటాడు. అడవి మనిషి. బలం ఎక్కువ, దెబ్బలు తట్టుకుంటాడు, తొందరగా అలసిపోడు. కానీ అనుభవం ఎక్కించుకోవడంలో అందరికంటే వెనక ఉంటాడు. అదే ఒక చరిత్రకారుడినో, ఒక పనివాడి దగ్గర శిష్యరికం చేస్తున్న కుర్రాడినో పెట్టుకుంటే వాళ్లు తొందరగా నేర్చుకుంటారు. ఇది అంకెల్లో రాసి ఉంటుంది, వాదించడానికి వీల్లేదు.

ఈ మాట మేము ఎక్కడ విన్నాం? స్టాఫ్‌రూమ్‌లో విన్నాం. మీవాళ్లకు ఆటల్లో మంచి దమ్ము ఉంటుంది సార్, లెక్కలే ఎక్కవు అని మా ముందే అంటారు. పొగిడినట్టే ఉంటుంది. బలం ఇస్తారు, బుద్ధి తీసేస్తారు. ఆటలో ఉన్న అంకె, స్టాఫ్‌రూమ్‌లో ఉన్న మాట ఒక తల్లి పిల్లలే. దీనికి జవాబు మన జిల్లా చరిత్రలోనే ఉంది. 1943లో మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ చొరవతో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. గోండి భాషలోనే వాచకాలు తయారుచేశారు. అంతకు ముందు అక్షరం ఎరగని ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు కొద్దికాలంలోనే చదవడం రాయడం నేర్చి పంతుళ్లయ్యారు, మళ్లీ ఇంకొకరికి చెప్పారు. మనిషిలో లోపం లేదు, చెప్పే భాషలో ఉంది. ఆ అంకె పెట్టిన ఆట తయారీదారుడికి మార్లవాయి తెలియదు. మన పిల్లవాడికి మనం చెప్పవచ్చు కదా.

సార్, ఆట ఆటే, ఇంత ఆలోచిస్తే ఆడలేం అని మా పిల్లలే అన్నారు. ఆడొద్దని మేము అనలేదు. సినిమా చూసి వచ్చి కథానాయకుడు అలా ఎందుకు చేశాడని దారంతా మాట్లాడుకుంటాం, అయినా మళ్లీ సినిమాకు పోతాం. ఇది కూడా అంతే.

పేరున్న ఆయుధాలు మనకు లేవా అని ఒక అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. తెలుగు నేల మీద పేరున్న ఆయుధాలకు పెట్టింది పేరు పల్నాడు. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధంలో బ్రహ్మనాయుడిది నృసింహ కుంతం. ఆయన కొడుకుగా చూసుకుని సేనానిని చేసిన మాల కన్నమదాసుది భైరవ ఖడ్గం. ఇవి ఆటలో పాచికలేసి పెట్టిన పేర్లు కావు. కారంపూడి వీరుల గుడిలో ఈనాటికీ ఆయుధాలకు పూజ జరుగుతుంది. కార్తీక అమావాస్యకు మొదలయ్యే అయిదు రోజుల ఉత్సవాల్లో ఆ వీరుల వారసులు తమ ఇళ్ల ఆయుధాలను మోసుకువస్తారు. మాల వీరుడి కత్తికి పేరు మిగలడం, ఆ పేరు గొప్ప ఇంటి ఈటె పేరు పక్కన నిలబడడం మామూలు సంగతి కాదు. రాజుల శాసనాల్లో అది సాధ్యం కాలేదు. పాడేవాళ్లు పాడితే, మోసేవాళ్లు మోస్తే సాధ్యమైంది.

మన గోండుల్లో సంగతి వేరు, ఇంకా లోతు. పెర్సపేన్‌కు విగ్రహం లేదు. సలె అని పిలిచే ఇనుప ఈటె మొన, చౌర్ అని పిలిచే చామరం, ఇవే గుర్తులు. వాటిని ఇంట్లో పెట్టరు, ఊరికి ఎడంగా భద్రం చేస్తారు. పూజ రోజున కటోడ చేతుల మీదుగా బయటికి తీసి, కడిగి, వెదురుకు కట్టి నిలబెడతారు. పర్ధాన్లు కిక్రి వాయిస్తూ నాలుగు, అయిదు, ఆరు, ఏడు దేవతల సగల పుట్టుక కథలు పాడుతారు. ఆ ఈటె మొనకు విడిగా వీరుడి పేరు లేదు. ఎందుకు లేదు? అది ఒక మనిషిది కాదు కాబట్టి. అది సగది. కొనేవాడు లేడు, అమ్మేవాడు లేడు, పోటీకి తూచేవాడు లేడు. పేరున్న ఆయుధం అంటే మొనగాడి ఆయుధం అని ఆట నేర్పితే, ఎవరి పేరూ లేకపోవడమే గౌరవమైన ఆయుధం మన దగ్గర ఉంది. దీన్ని వెలకట్టే అంకె ఆ ఆటలో లేదు.

ఇంకా ఒకటుంది. దీపావళి ముందు దండారి తిరిగేటప్పుడు గుస్సాడీల తల మీద నెమలి ఈకల మల్‌బూర, ఒంటికి బూడిద, చేతిలో ఒక కర్ర ఉంటాయి. ఆ కర్ర పేరు గంగారాం సోట. చూడడానికి గద లాగే ఉంటుంది. దానితో ఎవరినీ కొట్టరు. నొప్పి ఉన్నచోట తాకిస్తే బాధ పోతుందని పెద్దల నమ్మకం. నమ్మకం సంగతి ఎవరిష్టం వారిది. కానీ చూడండి, మన దగ్గర సొంత పేరు సంపాదించుకున్న కర్ర దెబ్బ కొట్టేది కాదు, నొప్పి తీసేది. ఆటలో ఆయుధం పక్కన రాసే గుణాల జాబితాలో ఆ గుణానికి గడి కూడా ఉండదు.

ఇక్కడ మన యువకులతో ఒక వాదన పెట్టుకోవాలి. ఆట తయారుచేయడం నేర్చుకుంటున్న మన పిల్లలు కొందరు, కుమ్రం భీం మీద ఇలాంటి ఆటే చేస్తాం, భీం తుపాకీకి ఒక గొప్ప పేరు పెడతాం, దానికి అందరికంటే ఎక్కువ బలం ఇస్తాం అంటున్నారు. ఆశయం మంచిది. ఆట చేయండి, మేము చప్పట్లు కొడతాం. కానీ పేరు పుట్టించకండి. 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల తుపాకుల ముందు నిలబడ్డవాళ్ల చేతుల్లో ఉన్నవి దినదినం పనిచేసే పనిముట్లే ఎక్కువ. గొడ్డలి, కొడవలి, బరిసె. నిర్మల్‌లో రాంజీ గోండును, ఆయనతో ఉన్న రొహిల్లాలను, గోండులను 1860లో మర్రిచెట్టుకు ఉరితీశారని, అందుకే దానికి వెయ్యి ఉరుల మర్రి అని పేరొచ్చిందని మనం చెప్పుకుంటాం. అక్కడ పేరు దక్కింది చెట్టుకు, ఆయుధానికి కాదు. లేని పేరు మనం అతికిస్తే, బయటివాళ్లు చేసే పనినే మనం మన తాతల మీద చేసినట్టు. మంత్రపు తుపాకీ ఉన్నవాడు నిలబడడంలో గొప్పేముంది? పోడు కొట్టే గొడ్డలితో నిలబడ్డాడన్నదే ఆ పోరాటం బరువు. ఆ గొడ్డలి ఇప్పటికీ మన ఇళ్లలో ఉంది. ఆటలో గొడ్డలి దొరికితే నిధి, అదే గొడ్డలి భుజాన వేసుకుని మన అన్న అడవి దారిలో కనిపిస్తే సాక్ష్యం. ఈ తేడా మీద ఒక ఆట చేయగలిగితే మేము మొదటి ఆటగాళ్లం అవుతాం.

అలాంటి ఆటలో ఏముండాలో మాకు తోచింది కొంత చెబుతాం. ఆయుధం దొరకడం కాదు, తయారుకావడం ఉండాలి. ఖనిజం తెచ్చేవాడు, బొగ్గు కాల్చేవాడు, మూస చేసేవాడు, తిత్తి ఆడించేవాడు, ఈ నలుగురూ లేకుండా అయిదో గడి తెరుచుకోకూడదు. వాళ్లలో ఒకరు అలిగితే కొలిమి చల్లారాలి. చెట్లు అయిపోతే ఆట ముందుకు పోకూడదు. అడవిలో ఉన్నవాళ్లతో మాట్లాడే గడి ఉండాలి, సంత ఉండాలి. చేసిన వస్తువు మీద చేసినవాళ్లందరి పేర్లూ పడాలి. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఉషేగాం వైపు ఓజలు మైనంతో అచ్చు పోసి, మట్టి పూసి, ఇత్తడి కరిగించి మన దేవతల గంటలు, బొమ్మలు ఇప్పటికీ చేస్తున్నారు. ఆట రాసే పిల్లలు ఒక వారం పోయి వాళ్ల దగ్గర కూర్చుంటే ఏ యూట్యూబ్ పాఠమూ చెప్పని సంగతులు దొరుకుతాయి. వేడి చూసి రంగు చెప్పడం, రంగు చూసి ఆగడం, అదంతా ఆట నియమాలుగా రాయదగ్గదే.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. ఎనిమిదో తరగతిలో లోహాలు, అలోహాలు పాఠం వచ్చినప్పుడు పిల్లలను వాళ్ల ఊరి పాత దిబ్బల దగ్గరికి తీసుకుపోండి. ఉత్తర తెలంగాణ ఊళ్లలో ఇనుము కరిగించిన దిబ్బలు ఎన్నో ఉన్నాయి. 2010లో బెంగళూరు, ఇంగ్లండు పరిశోధకులు, మన తెలంగాణ పరిశోధకుడు జైకిషన్ కలిసి ఈ ప్రాంతం తిరిగి అలాంటి చోట్లను నమోదు చేశారు. నల్లగా, గాజులాగ మెరుస్తూ, బుడగలు బుడగలుగా ఉండే బరువైన రాళ్లు దొరికితే అవి రాళ్లు కావు, ఇనుప చిట్టెం. ఊళ్లో కొందరు వాటిని గోడల్లో పెట్టుకున్నారు, కొందరు పొలం గట్టున పారేశారు. దొరికిన చోటు, ఊరి పేరు, ఆ దిబ్బను ఊరివాళ్లు ఏమని పిలుస్తారో ఒక కాగితం మీద రాయించి బడిలో భద్రం చేయండి. దిబ్బను తవ్వొద్దు, పైన దొరికినది చాలు. ముసలివాళ్లు ఎవరైనా ఆ కొలిమి ఎవరిదో చెబితే ఆ పేరు కూడా రాయించండి. మా దగ్గర ఇప్పటికి అలాంటి కాగితాలు పదకొండు ఉన్నాయి. వాటిలో మూడింటి మీద కమ్మరి ఇంటి పేరు ఉంది.